‘లో రిస్క్’ అని టిక్కు పెట్టేది ఎవరి కోసం?

సైకియాట్రీ వార్డులో కొత్త పేషెంటు చేరగానే మేం నింపే కాగితాల్లో ఒకటి ఆత్మహత్య రిస్క్ అంచనా. వయసెంత, ఒంటరిగా ఉంటున్నారా, ఇంతకు ముందు ప్రయత్నించారా, తాగుడు అలవాటుందా, నిరాశగా మాట్లాడుతున్నారా అని వరసగా ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి కొన్ని మార్కులు. అన్నీ కూడితే చివర మూడు గడులు: లో (తక్కువ), మోడరేట్ (మధ్యస్థం), హై (ఎక్కువ). ఏదో ఒకదాంట్లో టిక్కు పడాలి. ఇక బెడ్డు నర్సుల టేబులుకి ఎంత దగ్గర్లో వేయాలి, రాత్రి ఎన్నిసార్లు వెళ్లి చూడాలి, ఇంటివాళ్లతో ఏ కాగితం మీద సంతకం తీసుకోవాలి, ఎప్పుడు పంపించేయొచ్చు, అన్నీ ఆ టిక్కుని బట్టే నడుస్తాయి.

నేను సైకియాట్రీ నర్సుని. ఏళ్ల తరబడి ఈ కాగితం నింపుతున్నాను, కొత్తగా డ్యూటీలో చేరే పిల్లలకి నింపడం నేర్పుతున్నాను. ఆ మూడు గడులూ తీసేయాలని నా వాదన. ప్రశ్నలు ఉండాలి, ఇంకా బాగా అడగాలి కూడా. కానీ జవాబులన్నీ కూడేసి మనిషి మీద ‘లో’ అనో ‘హై’ అనో ముద్ర కొట్టడం వల్ల పేషెంటుకి ఒరిగేది లేదు, నష్టం మాత్రం ఉంది.

ఈ సంగతి బయటపడి నలభై ఏళ్లు దాటింది. అమెరికాలో హ్యూస్టన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో అలెక్స్ పోకోర్నీ అనే సైకియాట్రిస్టు చాలా పెద్ద పని తలకెత్తుకున్నారు. సైకియాట్రీ విభాగంలో వరసగా చేరిన 4,800 మందిని చేరినప్పుడే రకరకాల స్కేళ్లతో పరీక్షించి, ఆ తర్వాత నాలుగు నుంచి ఆరేళ్ల పాటు వాళ్లంతా ఏమయ్యారో కనుక్కుంటూ వచ్చారు. ఫలితాలు 1983లో అచ్చయ్యాయి. మొత్తం 67 మంది ఆత్మహత్యతో చనిపోయారు. ప్రమాదం ఎక్కువని ముందుగా లెక్క తేలినవాళ్లు 803 మంది. చనిపోయినవాళ్లలో వీళ్లు 30 మంది. మిగతా 37 మంది ఆ జాబితాలో లేనివాళ్లు.

అంటే 803 మందిలో 773 మంది విషయంలో హెచ్చరిక నిజం కాలేదు. పోయిన ప్రాణాల్లో సగానికి పైగా ఆ లెక్కకి అందనే లేదు. లెక్క పూర్తిగా గుడ్డిదని కూడా అనలేం. ప్రమాదం ఎక్కువన్న వాళ్లలో నూటికి దాదాపు నలుగురు పోతే, మిగతావాళ్లలో నూటికి ఒకరి లోపే పోయారు. వేలమందిని ఒకచోట పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది. వార్డులో నా ఎదురుగా కూర్చునేది మాత్రం ఒక్క మనిషి. ఆ మనిషి గురించి, ఈ రాత్రి గురించి ఆ లెక్క నాకు చెప్పేది చాలా తక్కువ. ఆత్మహత్య ఎంత ఘోరమైన విషయమైనా, ఆసుపత్రిలో చేరిన పేషెంట్లలో కూడా అది కొద్దిమందికే జరుగుతుంది. అంత అరుదుగా జరిగేదాన్ని పట్టుకోబోతే వందలమంది అనవసరంగా చిక్కుతారు, అసలువాళ్లలో చాలామంది జారిపోతారు. పోకోర్నీ ఈ విషయాన్ని దాచిపెట్టలేదు. ఫలానా వ్యక్తి అని ముందే గుర్తించడం మన చేతుల్లో లేదని తన పేపర్లోనే రాశారు. అన్నేళ్ల శ్రమ చేసి అలా ఒప్పుకున్నందుకు ఆయనంటే నాకు చాలా గౌరవం.

ఆ తర్వాతైనా మెరుగుపడిందా అంటే, లేదు. 2016లో ఆస్ట్రేలియాకి చెందిన మాథ్యూ లార్జ్, ఆయన సహచరులు ఇలాంటి అధ్యయనాలు 37 కలిపి చూశారు. హై రిస్క్ అన్నవాళ్లలో సగటున అయిదేళ్ల కాలంలో ఆత్మహత్యతో చనిపోయింది నూటికి అయిదారుగురు. మొత్తం మరణాల్లో సగానికి దగ్గరగా లో రిస్క్ అన్నవాళ్లవే. దశాబ్దాలు గడిచినా అంచనాలు పదునెక్కిన ఆనవాలు వాళ్లకి దొరకలేదు. 2019లో కంప్యూటర్ మోడళ్ల మీద వచ్చిన ఒక సమీక్షలోనూ ఇదే కథ. డేటా ఎంత పోసినా, ఫలానావాళ్లని చూపించిన చోట అది నిజమయ్యేది ఎక్కడో ఒకటి. చివరికి బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో తేల్చి చెప్పేసింది. ముందే జోస్యం చెప్పడానికి స్కేళ్లు వాడొద్దు, లో, మీడియం, హై అని విడగొట్టొద్దు, ఆ ముద్రని బట్టి ఎవరికి చికిత్స ఇవ్వాలో, ఎవరిని పంపేయాలో నిర్ణయించొద్దు అని.

మన దగ్గర మాత్రం ‘శాడ్ పర్సన్స్’ స్కేలుని ఇప్పటికీ పిల్లలు బట్టీ పడుతున్నారు. అది కూడా 1983లోనే వచ్చింది, వైద్య విద్యార్థులకి పాఠం చెప్పడానికి. పది పాయింట్లు. మగవాడైతే ఒకటి. పందొమ్మిదేళ్ల లోపైనా, నలభై ఐదు దాటినా ఒకటి. భర్తో భార్యో లేకపోతే ఒకటి. ఇప్పుడు మా వార్డులోకి ఇరవై అయిదేళ్ల కోడలు ఒకామె వచ్చిందనుకోండి. ఆడమనిషి, సున్నా. వయసు, సున్నా. పెళ్లయింది, సున్నా. 2016లో ప్రపంచం మొత్తంలో ఆత్మహత్యతో చనిపోయిన ఆడవాళ్లలో నూటికి దాదాపు 37 మంది మన దేశంవాళ్లని 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చింది. వాళ్లలో ఎక్కువమంది పెళ్లయినవాళ్లే. ఎక్కడో తయారైన స్కేలు మన ఇళ్ల సంగతి తెలియక ఆమెకి మూడు సున్నాలు వేస్తే, ఆ సున్నాల్ని నమ్మి మేం ఆమెను తలుపు పక్క బెడ్డులో వేస్తాం.

సరే, స్కేలు వద్దు, పేషెంటునే సూటిగా అడుగుదాం అంటారు. అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని ఇంటివాళ్లు భయపడతారు కానీ, అలా జరగదని పరిశోధనలు చెబుతున్నాయి, చాలామంది మనసు తేలికపడిందనే అంటారు. అయితే ‘లేదు’ అన్న జవాబుని టిక్కు కోసం వాడుకోవడం దగ్గరే ఇబ్బంది. కేటీ బుష్, జాన్ ఫాసెట్, డగ్లస్ జేకబ్స్ అనే ముగ్గురు 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆసుపత్రిలో ఉండగానో, డిశ్చార్జయిన వెంటనేనో చనిపోయిన 76 మంది కేస్ షీట్లు తిరగేశారు. వివరం దొరికినవాళ్లలో నూటికి 78 మంది, చివరిసారి అడిగినప్పుడు అలాంటి ఆలోచన లేదనే చెప్పారు. ఇంటికి పంపరేమోనని కొందరు దాచి ఉండొచ్చు. ఆ పూటకి నిజంగానే లేకపోయి కూడా ఉండొచ్చు, ఎందుకంటే ఆ ఆలోచన ఉప్పెనలా వచ్చి గంటల్లో తగ్గిపోయే రకం. ఆ పేపర్లో ఇంకో అంకె ఉంది, నాకు అదే ముఖ్యం. నూటికి 79 మందిలో ఆ చివరి రోజుల్లో విపరీతమైన ఆందోళన, నిలకడ లేనితనం కనిపించాయి.

అది నోటితో చెప్పేది కాదు, నైట్ డ్యూటీలో కళ్లకి కనిపించేది. రాత్రి రెండింటికి వార్డంతా పడుకుంటే ఒకతను బాత్రూమ్ దగ్గర్నుంచి కిటికీ దాకా, కిటికీ నుంచి మళ్లీ బాత్రూమ్ దాకా తిరుగుతూ ఉంటాడు. కూర్చుంటాడు, అర నిమిషంలో లేస్తాడు. నిలబడి కూడా కాళ్లు మార్చి మార్చి వేస్తుంటాడు. కింద చాప మీద పడుకున్న తండ్రి విసుక్కుని, పడుకోరా, నువ్వు పడుకోవు, మమ్మల్ని పడుకోనివ్వవు అంటాడు. దగ్గరికెళ్లి అడిగితే, “సిస్టర్, కాళ్లు లాగేస్తున్నాయి, ఒక్కచోట ఉండలేకపోతున్నా, లోపల్నించి ఎవరో తరుముతున్నట్టుంది” అంటాడు. చాలాసార్లు ఇది జబ్బు కాదు, మేం ఇచ్చిన మందు. హలోపెరిడాల్ లాంటి మందులు మొదలుపెట్టినప్పుడో, డోసు పెంచినప్పుడో కొందరికి అకతీసియా అనే ఈ నిలకడ లేనితనం వస్తుంది. భరించలేని బాధ అది, చావు ఆలోచనల్ని కూడా ఎగదోస్తుంది. గుర్తుపడితే డోసు తగ్గించి, ప్రొప్రనోలాల్ లాంటిది ఇస్తే చాలామందికి కుదుటపడుతుంది. గుర్తుపట్టకపోతే షీటులో ‘అజిటేటెడ్’ (అలజడిగా ఉన్నాడు) అని రాసి, అదే మందు ఇంకో ఇంజెక్షన్ చేస్తారు. అప్పుడిక చెప్పనక్కర్లేదు. రిస్క్ కాగితంలో అకతీసియాకి గడి లేదు. నిద్ర పట్టిందా లేదా అన్నదానికీ లేదు. ఆ రాత్రి ఆ మనిషికి సాయం చేసేది మాత్రం ఈ రెండు సంగతులే.

మన వార్డుల్లో ఇంకో ప్రత్యేకత అటెండెంట్. అటెండెంట్ లేకుండా చాలాచోట్ల అడ్మిషనే ఇవ్వరు. ఇందులో మంచి చాలా ఉంది. 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి పేషెంట్ల కుటుంబాల్ని అక్కడే ఉండనిచ్చారు. దాంతో జబ్బు త్వరగా తగ్గడం, ఇంటికి తిరిగి తీసుకెళ్లడం పెరిగాయి. చాలా దేశాల్లో లేని బలం ఇది. కానీ ఆత్మహత్య గురించి అడిగేటప్పుడు ఇదే అడ్డం పడుతుంది. అత్తగారు మంచం పక్కన స్టూలేసుకుని కూర్చుని ఉండగా, “మీకు బతకాలని లేదని ఎప్పుడైనా అనిపిస్తోందా” అని పీజీ చదువుతున్న డాక్టరు అడుగుతుంది. ఆ కోడలు ఒకసారి అత్తగారి వైపు చూసి “అబ్బే, అలాంటిదేం లేదండీ” అంటుంది. లో రిస్క్. మందుల చీటీ ఇచ్చి అత్తగారిని కిందకి పంపి, మంచం మీద పక్కన కూర్చుని మెల్లగా అడిగితే, “నేను లేకపోతేనే వీళ్లందరికీ బాగుంటుందనిపిస్తుంది సిస్టర్, పాపని మా అమ్మ చూసుకుంటుంది” అని ఏడుస్తుంది. పావుగంట తేడాలో ఒకే మనిషి రెండు జవాబులు. కొత్త పిల్లలకి స్కేలు కంటే ముందు నేను నేర్పేది అటెండెంట్‌ని నొప్పించకుండా బయటికి పంపడం.

అటెండెంట్ మీద మేం పెట్టే బరువు సంగతి కూడా చెప్పాలి. హై రిస్క్ అని టిక్కు పడగానే అమ్మనో భార్యనో పిలిచి, కంటికి రెప్పలా చూసుకోవాలి, ఒక్క క్షణం వదలకూడదు, ఏమైనా జరిగితే మీదే బాధ్యత అని చెప్పి సంతకం పెట్టించుకుంటారు. ఆ తల్లి స్నానానికి వెళ్లదు, కునుకు తీయదు, క్యాంటీన్‌కి వెళ్లడానికి భయం. మూడో రోజుకి ఆమే పేషెంటులా తయారవుతుంది. కాపలా కాయడం శిక్షణ పొందిన సిబ్బంది పని. ఒక్క సంతకంతో దాన్ని ఆమె నెత్తిన పెట్టేస్తే ఆసుపత్రి ఊపిరి పీల్చుకుంటుంది తప్ప, పేషెంటుకి భద్రత పెరగదు.

ఇంటివాళ్లు వేయించుకునే ఒట్టు కూడా ఇలాంటిదే. “నా మీద ఒట్టు, పిల్లల మీద ఒట్టు, ఇంకెప్పుడూ అలాంటి పని చేయనని చెప్పు” అని చేతిలో చేయి వేయించుకుంటారు. ప్రేమతోనే చేస్తారు, తప్పుపట్టలేను. డాక్టర్లు కూడా 1970ల నుంచి ఇదే పనిని కాగితం మీద ఒప్పందంలా రాయించుకోవడం మొదలుపెట్టారు. దానివల్ల ప్రాణాలు నిలిచాయన్న ఆధారం ఇప్పటిదాకా లేదు. ఒట్టు వేసిన మనిషికి నాలుగు రోజుల తర్వాత మళ్లీ అదే ఆలోచన వస్తే ఎవరితో చెప్పుకోవాలి? చెబితే ఒట్టు తప్పినట్టు. పిల్లలకి ఏమవుతుందోనన్న భయం దానికి తోడు. నోరు మూసుకుంటారు. అందుకే ఇంటివాళ్లతో నేను చెప్పేది ఒకటే, ఒట్టు వేయించుకోకండి, మళ్లీ అనిపిస్తే అర్ధరాత్రయినా సరే నన్ను లేపు, తిట్టను అని మీరే మాట ఇవ్వండి అని.

ఈ వాదనకి నేను గౌరవించే ఒక సైకియాట్రిస్టు గారు ఒప్పుకోరు. ఆయన మాటలో పస ఉంది. “కాగితం లేకపోతే అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న పీజీ అసలు అడగడమే మర్చిపోతాడమ్మా. రేపు ఏదైనా జరిగితే బంధువులు, పోలీసులు, కోర్టు అడిగేది ఏం రాశావనే కదా” అంటారు. మొదటిదానికి నా జవాబు, ప్రశ్నల జాబితా ఉంచుకుందాం, మార్కులు, గడులు తీసేద్దాం. రెండోదానికి, ‘లో రిస్క్’ అన్న టిక్కు ఆయన్ని కాపాడుతుందని నేననుకోను. పేషెంటు పోయాక ఆ టిక్కే ఆయన తప్పుగా కనిపిస్తుంది. ఏం అడిగాం, ఒంటరిగా అడిగామా, ఏం చెప్పారు, నిద్ర ఎలా ఉంది, దానికి ఏం చేశాం, ఎవరితో మాట్లాడాం అని నాలుగు వాక్యాలు రాస్తే అది పేషెంటుకీ పనికొస్తుంది, డాక్టరుకీ రక్షణ అవుతుంది. కేసు భయం పేషెంట్లలోనూ ఉంది. ప్రయత్నం చేసినవాళ్లకి తీవ్రమైన ఒత్తిడి ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని, వాళ్లకి చికిత్స అందించడం ప్రభుత్వ బాధ్యత అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లేదు. ఈ మాట చెప్పగానే అప్పటిదాకా ‘పొరపాటున జరిగింది’ అంటున్న కుటుంబం అసలు విషయం మాట్లాడటం నేను ఎన్నోసార్లు చూశాను.

ఎవరు చనిపోతారో మనం ముందే చెప్పలేం. కానీ ప్రమాదం ఎప్పుడు ఎక్కువగా ఉంటుందో మాత్రం బాగా తెలుసు. ఇంటికి వెళ్లిన కొత్తలో. 2017లో జామా సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, సైకియాట్రీ ఆసుపత్రి నుంచి డిశ్చార్జయిన మొదటి మూడు నెలల్లో ఆత్మహత్యల రేటు, ఏడాదికి లక్ష మందికి లెక్కేస్తే 1,132. మొత్తం జనాభాలో ప్రపంచ సగటు లక్షకి తొమ్మిది, పది దగ్గర ఉంటుంది. బ్రిటన్‌లో ఏళ్లుగా ఇలాంటి మరణాలన్నిటినీ పరిశీలిస్తున్న మాంచెస్టర్ బృందం, మొదటి వారం, అందులోనూ మొదటి కొద్దిరోజులు మరీ ముఖ్యమని చెప్పింది. అందుకే అక్కడ 72 గంటల్లోపు పేషెంటుని ఎవరో ఒకరు కలవాలి అన్న పద్ధతి వచ్చింది.

మన దగ్గర డిశ్చార్జి ఎలా ఉంటుందో తెలిసిందే. ఇంగ్లిష్‌లో రాసిన సమ్మరీ, ప్లాస్టిక్ కవర్లో మాత్రలు, పదిహేను రోజులకి ఓపీకి రండి అన్న మాట. బస్సు దిగేసరికి ఇరుగుపొరుగు ఎక్కడికెళ్లారని అడుగుతారు. పని పోయి ఉంటుంది. అప్పు అలాగే ఉంటుంది. వార్డులో కనీసం నైట్ డ్యూటీ సిస్టర్ ఉంటుంది, ఇంట్లో రాత్రి రెండింటికి ఎవరూ ఉండరు. అదే 2017 చట్టంలో 98వ సెక్షన్ డిశ్చార్జి ప్రణాళిక గురించే. పంపించే ముందు పేషెంటుతో, ఇంటివాళ్లతో కూర్చుని, ఇకమీదట చికిత్స ఎలా సాగాలో మాట్లాడి రాసుకోవాలని ఉంది. ఎంతమంది చేస్తున్నారు?

చేస్తే ఫలితం ఉంటుంది. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ తయారుచేసిన సేఫ్టీ ప్లాన్ అనేది ఒక్క పేజీ. ఆ ఆలోచన మొదలయ్యే ముందు నాకు ఎలా ఉంటుంది, అప్పుడు నేను ఏం చేస్తే కాస్త తగ్గుతుంది, ఎవరి దగ్గరికి వెళ్తాను, ఎవరికి ఫోన్ చేస్తాను, మిగిలిన మందులతో సహా ఇంట్లో ప్రమాదకరమైనవి ఎవరి దగ్గర ఉంచుతాం. పేషెంటు మాటల్లోనే, తెలుగులోనే రాయించాలి. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల ఎమర్జెన్సీల్లో ఈ పేజీ రాయించి, తర్వాత ఫోన్లు చేస్తూ ఉంటే ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రయత్నాల వంటివి 45 శాతం తక్కువగా కనిపించాయని 2018లో ప్రచురించారు. అంతకు చాలా ముందే శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరోమ్ మోటో, డిశ్చార్జయ్యాక చికిత్స వద్దనుకున్న 843 మందిలో సగం మందికి అయిదేళ్ల పాటు చిన్న చిన్న ఉత్తరాలు రాయించారు. ఎలా ఉన్నారు, బాగుండాలని కోరుకుంటున్నాం, అంతే. ఉత్తరాలు అందినవాళ్లలో, ముఖ్యంగా మొదటి రెండేళ్లలో, మరణాలు తక్కువ. తర్వాత వేరేచోట్ల చేసిన ఇలాంటి ప్రయత్నాలన్నీ ఇంత బాగా ఫలించలేదు, అదీ చెప్పాలి.

నాకు అన్నిటికంటే ఆశ కలిగించేది మన పక్కనే, చెన్నైలో జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో, అయిదు చోట్ల చేయించిన అధ్యయనంలో చెన్నై ఒకటి. అక్కడ నడిపించింది ఆత్మహత్యల నివారణకి పనిచేసే స్నేహ సంస్థ స్థాపించిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్. ఆత్మహత్యా ప్రయత్నం చేసి, ఆ అయిదు చోట్లా కలిపి ఎమర్జెన్సీకి వచ్చిన 1,867 మందిలో కొందరికి మామూలు చికిత్స, కొందరికి అదనంగా ఒక గంట మాట్లాడటం, ఆపైన 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోన్ చేయడమో ఇంటికి వెళ్లి పలకరించడమో. మామూలు చికిత్స వైపు ఆత్మహత్యతో చనిపోయినవాళ్లు నూటికి 2.2. పలకరింపు ఉన్నవైపు 0.2. ఎవరు హై, ఎవరు లో అని వడపోయలేదు, ఆ వైపు పడిన ప్రతి ఒక్కరికీ చేశారు. 2008లో అచ్చయిన ఈ పేపర్ చదివాకే గడులు తీసేయాలన్న మాట నేను గట్టిగా అనడం మొదలుపెట్టాను. ఎవరికి అవసరమో ముందే తెలియనప్పుడు అందరికీ ఇవ్వడమే న్యాయం.

స్టాఫ్ ఎక్కడున్నారు అని అడుగుతారు. నిజమే, తక్కువే. అందుకే రోజూ స్కేళ్లు నింపడానికి, కూడటానికి, మళ్లీ షిఫ్టుకో కాపీ రాయడానికి పట్టే సమయాన్ని ఫోన్లకి మళ్లించమంటున్నాను. వార్డుకి బయటికి కాల్ వెళ్లే ఒక ఫోన్ ఇవ్వాలి, డ్యూటీ చార్టులో ఆ పని ఒకరి పేరు మీద ఉండాలి. మా వేళలు దాటాక 14416 ఉంది. అది టెలి మానస్, ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది, రాత్రీపగలూ ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు సేఫ్టీ ప్లాన్ కాగితం మీద రాసి పంపాలి. ఇది చదువుతున్నవాళ్లలో ఎవరికైనా బతకాలని లేదనిపిస్తుంటే, ఈ నంబరు మీకోసం కూడా. ఇంట్లో ఒక్కరికైనా ఈ రోజే చెప్పండి.

ఫోన్‌లో అడిగేది పెద్దదేం కాదు. మందులు దొరికాయా, రాత్రి నిద్ర పట్టిందా, కాళ్లు లాగుతున్నాయా, ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు, మళ్లీ ఆ ఆలోచన వచ్చిందా. వచ్చిందంటే రివ్యూ తేదీ దాకా ఆగకుండా వెంటనే తీసుకురమ్మనడం. ఫోన్ ఎత్తకపోతే సాయంత్రం మళ్లీ చేయడం, అప్పటికీ ఎత్తకపోతే ఇంటివాళ్లు ఇచ్చిన రెండో నంబరు, అదీ కలవకపోతే, డిశ్చార్జి రోజే పేషెంటు సరేనని ఉంటే, ఆ ఊరి ఆశా వర్కరుకి చెప్పి ఒకసారి ఇంటికి వెళ్లి చూసి రమ్మనడం.